తెగులు దినములలో ఇంటిదారి

పరదేశములో చదువుకొనుచున్న విద్యార్థి, తెగులు వ్యాపించిన దినములలో, ఉన్నచోటనే నిలువవలెనా, ఇంటికి మరలవలెనా? 2020వ సంవత్సరపు తొలి మాసములలో ఈ ప్రశ్న లక్షలాది యౌవనస్థుల యెదుట నిలిచెను. తీరికగా కూర్చుండి నీతిశాస్త్ర గ్రంథములను తిరుగవేసి తేల్చుకొనదగిన రూపములో అది వారియొద్దకు రాలేదు. అర్ధరాత్రివేళ, గంటగంటకు పెరుగుచున్న విమానపు ధరలు ఎదుట కనబడుచుండగా, ఫోనులో తల్లి కంఠము వణకుచుండగా, తెల్లవారులోగా జవాబు చెప్పుమని అడుగు ప్రశ్నగా వచ్చెను.

ఆ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించెను. అయినను కొన్ని యిండ్లలో ఆ రాత్రి ఇంకను ముగియలేదు. కుమారుడు మరలివచ్చిన పదునైదు దినములకు తండ్రి మంచముపట్టిన ఇల్లు ఒకటి. కుమార్తె మరలిరాలేక, తల్లి భూస్థాపనను చేతిలోని తెరమీద చూచిన ఇల్లు మరియొకటి. వచ్చినవాడు, "రాకయుండిన బాగుండెడిది గదా" అనుకొనుచున్నాడు. రానిది, "వచ్చియుండిన బాగుండెడిది గదా" అనుకొనుచున్నది. ఇద్దరిలో ఎవరు తప్పుచేసిరని సంఘకాపరిని అడిగినయెడల ఆయన ఏమి చెప్పవలెను? "అంతయు దేవుని చిత్తము" అని చెప్పి ప్రార్థించి లేచిపోవుట సులభమే. కాని ఆ మాట దుఃఖమును ఓదార్చవచ్చునే గాని మనస్సాక్షి అడుగు ప్రశ్నకు జవాబు కానేరదు.

జరిగినదానిని ముందుగా జ్ఞాపకము చేసికొనుట మంచిది, ఏలయనగా మనుష్యులు కష్టములను త్వరగా మరతురు. 2020 జనవరి 23వ తేదీ ఉదయము పది గంటలకు చైనాలోని వూహాన్ పట్టణపు ద్వారములు మూయబడెను. ఆ కాలమున చైనాలో చదువుచున్న భారతీయ విద్యార్థులు 23,000కు పైగా నుండిరి. వారిలో అధికులు వైద్యవిద్యార్థులు; తెలుగువారును అనేకులు. ఫిబ్రవరి 1, 2 తేదీలలో ఎయిరిండియా విమానములు రెండు వూహాన్ నుండి ఆరువందలకు పైబడిన భారతీయులను ఢిల్లీకి చేర్చెను. వారిని మానేసర్ లోను, ఛావ్లా లోను ఏర్పరచిన శిబిరములలో రెండు వారములు వేరుగా ఉంచిరి. జ్వరము కనబడినవారిని విమానమెక్కనియ్యలేదు. తోడివారు మెట్లెక్కి పోవుచుండగా ఉష్ణమాపకములోని ఒకటి రెండు అంకెలవలన వెనుకకు మరలవలసిన ఆ కొద్దిమంది ఆ రాత్రి ఎట్లు గడపిరో ఊహించుకొనవలసినదే. ఏప్రిల్ 8న, డెబ్బదియారు దినముల తరువాత, పట్టణము మరల తెరువబడెను.

అంతలో ప్రశ్న ప్రపంచమంతటికి ప్రాకెను. ఫిలిప్పైన్స్ ప్రభుత్వము మార్చి నడుమ మనీలా పట్టణముండు ద్వీపమును దిగ్బంధించి, విదేశస్థులు వెళ్లదలచినయెడల 72 గంటలలో వెళ్లవలెనని మొదట ప్రకటించెను. మార్చి 17న భారత ప్రభుత్వము ఫిలిప్పైన్స్, మలేసియా, ఆఫ్ఘనిస్తాన్ దేశములనుండి వచ్చు ప్రయాణికులను నిలిపివేసెను. ఒక దేశము పొమ్మనుచుండగా స్వదేశము రావద్దనెను. మనీలాలో వైద్యవిద్య చదువుచున్న తెలుగు పిల్లలు కొందరు మార్గమధ్యమున కౌలాలంపూరు విమానాశ్రయపు నేలమీద చిక్కుకొనిరి. ప్రత్యేకమైన అనుమతితో ఒక విమానము వారిని విశాఖపట్నమునకు చేర్చెను. మార్చి 22 నుండి అంతర్జాతీయ విమానములన్నియు నిలిచిపోయెను. మే 7న వందేభారత్ అను పేర ప్రభుత్వము విమానములు నడుపువరకు, రాదలచినవారికి త్రోవయే లేకుండెను. అప్పుడును అమెరికా నుండి వచ్చుటకు మనిషికి లక్ష రూపాయలు కావలసియుండెను. పొలము తాకట్టుపెట్టి చదివించుచున్న తండ్రికి లక్ష రూపాయలనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1527వ సంవత్సరము ఆగస్టు నెలలో విట్టెన్‌బర్గు పట్టణములో ప్లేగు ప్రవేశించెను. అది చిన్న పట్టణము. దానికి ప్రాణము విశ్వవిద్యాలయము. అందులోని విద్యార్థులు అనేక దేశములనుండి వచ్చినవారు. సాక్సనీ ప్రభువైన యోహాను విశ్వవిద్యాలయమును యేనా పట్టణమునకు తరలింపుమని ఆజ్ఞాపించి, మార్టిన్ లూథరును కూడ పొమ్మనెను. ఉపాధ్యాయులును విద్యార్థులును వెళ్లిపోయిరి. లూథరు వెళ్లలేదు. సహసేవకుడైన బూగెన్‌హాగెనుతో కూడ ఆయన నిలిచి, రోగులను దర్శించి, తన గృహమునే వైద్యశాలగా చేసెను. అప్పుడు ఆయన భార్య కాథరీన గర్భవతి. చిన్న కుమారుడు హాన్సు రోగియాయెను. పట్టణాధికారి భార్య ఇంచుమించు లూథరు చేతులలోనే ప్రాణము విడిచెను.

ఆ దినములలోనే బ్రెస్లా పట్టణపు కాపరులు, యోహాను హెస్సు ద్వారా, క్రైస్తవుడు మరణకరమైన తెగులు నుండి పారిపోవచ్చునా అని లూథరును అడిగియుండిరి. ఆయన వ్రాసిన ప్రత్యుత్తరము చిన్న పుస్తకముగా అచ్చుపడెను. ఆ పత్రికను 2020లో అనేకులు విప్పి చదివిరి. కాని కొందరు తమకు అనుకూలమైన సగమును మాత్రమే చదివిరి. నిలిచిన వీరుడని లూథరును పొగడినవారు, వెళ్లిపోయిన విద్యార్థులను ఆయన ఒక్కమాటయైనను నిందింపలేదని మరచిరి. ఆయన చెప్పినదాని సారాంశమిది: ఎవని సేవకు ఒకడు కట్టుబడి యున్నాడో వానిని విడిచిపోరాదు. కాపరి మందను, అధికారి పట్టణమును, తల్లిదండ్రులు బిడ్డలను, సేవకుడు యజమానుని, యజమానుడు సేవకుని విడువరాదు. అట్టి కట్టుబాటు లేనివాడు, తన స్థానములో రోగులను చూచుటకు చాలినంతమంది యున్నయెడల, వెళ్లుటకును నిలుచుటకును స్వతంత్రుడు. వెళ్లినవాడు నిలిచినవానిని మూర్ఖుడనరాదు. నిలిచినవాడు వెళ్లినవానిని అవిశ్వాసి యనరాదు. ప్రాణమును కాపాడుకొనవలెనను కోరికను దేవుడే మనుష్యునిలో పెట్టెను గనుక అది పాపము కాదు.

ఇచ్చట గమనింపవలసిన చిన్న సంగతి యొకటి కలదు. అందరు విద్యార్థులును యేనాకు పోలేదు, కొద్దిమంది మిగిలిరి. ఆ శరత్కాలమున లూథరు వారికి పాఠములు చెప్పుట మానలేదు. చెప్పిన గ్రంథము యోహాను వ్రాసిన మొదటి పత్రిక. సహోదరుని ప్రేమింపనివాడు దేవుని ప్రేమింపలేడని బోధించు ఆ పత్రికను, వీధిలో శవవాహకులు పోవుచుండగా ఖాళీయైన తరగతి గదిలో విన్న ఆ కొద్దిమంది ఏల నిలిచిరో చరిత్ర చెప్పదు. కొందరికి పోవుటకు ధనము లేకపోయియుండవచ్చును. నిలిచినవారందరు ధైర్యవంతులనియు, వెళ్లినవారందరు భీరువులనియు తీర్పుచెప్పు వారు ప్రయాణపు ఖర్చును లెక్కలోనికి తీసికొనరు.

కాబట్టి మొదట అడుగవలసిన ప్రశ్న, "ఎక్కడ క్షేమము?" అనునది కాదు. "నేను ఎవరికి కట్టుబడి యున్నాను?" అనునది. మొదటి ప్రశ్న పనికిమాలినదని కాదు. క్షేమమును విచారించుట వివేకమే. కాని దానికి జవాబు ఎన్నడును నిలకడగా నుండలేదు. 2020 జనవరిలో వూహాన్ వంటి భయంకరమైన స్థలము లేదు. ఏప్రిల్ తరువాత లోకములోని అనేక పట్టణములకంటె అది నెమ్మదిగా నుండెను. ఆ మార్చిలో భారతదేశములోని పల్లె ఐరోపాకంటె భద్రముగా కనబడెను. 2021 ఏప్రిల్, మే నెలలలో అదే పల్లెకు ఆక్సిజను దొరకలేదు, పరదేశమందున్నవారికి అప్పటికే టీకాలు అందుచుండెను. క్షేమమును వెదకుచు పరుగెత్తినవాడు చేరునప్పటికి క్షేమము వేరొకచోటికి మారియుండెను. ఇట్టి దానిమీద మనస్సాక్షి తన ఇల్లు కట్టుకొనజాలదు.

ఫలితమునుబట్టి వెనుకటి నిర్ణయమును తూచుటయు అట్లే అన్యాయము. 1665లో ప్లేగువలన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మూయబడగా ఐజాక్ న్యూటను అను యువకుడు స్వగ్రామమైన వూల్స్‌థార్పునకు వెళ్లెను. అక్కడ ఆయన చేసిన గణితమును, కాంతి పరిశోధనలను పాఠ్యపుస్తకములు పొగడుచున్నవి. ఆయన పారిపోయెనని ఎవరును అనరు. ఫలము గొప్పదైనయెడల పలాయనమునకును మంచి పేరు వచ్చునేమో! అదే సమయమున ఇంటికి పోయి, ఏమియు కనుగొనక, పొలము పనిలో తండ్రికి సాయపడిన విద్యార్థులు ఎందరో. వారి నిర్ణయము న్యూటను నిర్ణయముకంటె తక్కువ న్యాయమైనది కాదు.

కట్టుబాటును వెదకునప్పుడు విద్యార్థి స్థితి విచిత్రముగా కనబడును. పరాయి పట్టణములో అతనిమీద ఆధారపడినవారు లేరు. అతడు కాపరి కాడు, వైద్యుడు కాడు, ఇంకను గృహస్థుడు కాడు. లూథరు వ్రాసినదానినిబట్టి చూడగా అతనికంటె స్వతంత్రుడు లేడు. అయితే పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చెప్పిన ఉపమానము ఆ స్వతంత్రతకు హద్దు నియమించుచున్నది. సమరయుడు యెరికో త్రోవలో కాపురమున్నవాడు కాడు. ఆ గాయపడినవానికి ఏ విధముగను కట్టుబడినవాడు కాడు. పడియున్నవాడు తన త్రోవలో నుండుటయే అతనికి కట్టుబాటాయెను. ఒకే గదిలో ముగ్గురు విద్యార్థులున్నారనుకొందము. ఒకనికి జ్వరము వచ్చి, వానిని విమానమెక్కనియ్యరని తెలిసినది. ఆ గడియనుండి తక్కిన యిద్దరు అంతకుముందున్నంత స్వతంత్రులు కారు. ఇద్దరును నిలువవలెనని ఎవరును ఆజ్ఞాపింపజాలరు. కాని గంజికాచి తలుపునొద్ద పెట్టుటకు ఒకడైన లేకుండ ముగ్గురిలో ఇద్దరు వెళ్లిపోయినయెడల, టికెట్టు దొరికినదను మాట ఆ గదిలోని నిశ్శబ్దమునకు చాలిన జవాబు కాదు.

ఇంటివైపు చూచినను ప్రశ్న సులభము కాదు. తల్లిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞను చూపి, "రమ్మన్నప్పుడు రావలసినదే" అని చెప్పినవారు కలరు. తల్లి రమ్మనుట ప్రేమ, సందేహము లేదు. అయితే యాకోబు బెన్యామీనును పంపనొల్లక పట్టుకొనియుండుటయు ప్రేమయే. ఆ ప్రేమ ధాన్యము అయిపోవువరకు కుటుంబమంతటిని ఐగుప్తుకు పోనియ్యలేదు. భయముతో కలిసిన ప్రేమను సన్మానించుట వేరు, అది చెప్పినదెల్ల చేయుట వేరు. చైనానుండి మరలివచ్చిన వైద్యవిద్యార్థుల సంగతి చూడుడు. నెల దినములకని ఒక పెట్టె సర్దుకొని వచ్చిరి. చైనా ప్రభుత్వము 2020 మార్చి 28 నుండి విదేశీయుల ప్రవేశమును నిలిపివేసెను. విద్యార్థులకు మరల వీసాలిచ్చుట 2022 ఆగస్టు వరకు ప్రారంభము కాలేదు. రోగి నాడి పట్టుకొని నేర్చుకొనవలసిన విద్యను వారు రెండేండ్లకు మించి ఇంటి వసారాలో ఫోను తెరమీద విన్నారు. అట్టి చదువును గుర్తింపజాలమని స్వదేశపు అధికారులు చెప్పుచుండిరి. పుస్తకములు వూహాన్ లోని గదిలోనే ధూళిపట్టుచుండెను. ఆ వెల ముందుగా తెలిసినయెడల వారిలో కొందరు నిలిచియుండెడివారు. తెలియలేదు గనుక వారు తప్పుచేసిరనరాదు. "దేవుడు నడిపించెను గనుక నష్టము కలుగదు" అని వారికి వాగ్దానము చేసినవారు మాత్రము చేయరాని వాగ్దానము చేసిరి.

తప్పిపోయిన కుమారుడు దూరముగా కనబడగానే తండ్రి పరుగెత్తి వాని మెడమీద పడెనని లూకా సువార్తలో చదువుచున్నాము. కరువు దినములలో ఇంటికి మరలిన ఆ కుమారుని కథకు 2020లో నూతనమైన కష్టము వచ్చెను. ఇప్పుడు ఆ పరుగే తండ్రికి అపాయము. వచ్చిన కుమారుడు, "నాన్నా, దగ్గరకు రావద్దు" అని గడపవద్ద నిలువవలసియుండెను. కౌగిలికి బదులు, తలుపునొద్ద పెట్టిన పళ్లెము. ముద్దుకు బదులు, పదునాలుగు దినముల ఎడము. ఆ ఎడమును ప్రేమగా ఎంచగలిగిన యిండ్లు ఉన్నవి, అవమానముగా ఎంచినవియు ఉన్నవి. "సొంత బిడ్డను వేరే గదిలో పెట్టుదుమా?" అని పలికిన తాతలలో కొందరు తరువాత పలుకలేకపోయిరి. ఇంటికి మరలుట నిర్ణయములో సగము మాత్రమే. మరలి ఎట్లు నివసింతునన్నది మిగిలిన సగము. రెండవ సగమును ఆలోచింపకుండ మొదటిదానిని నిశ్చయించినవాడు తన పొరుగువారెవరో ఇంకను లెక్కించలేదు.

ఈ లెక్కలో లూథరు కనికరింపని సంగతి ఒక్కటే. వ్యాధి తనయందున్నదని ఎరిగియు దాచిపెట్టి జనులలో తిరుగువానిని ఆయన నరహంతకునితో సమానముగా ఎంచెను. 2020 మార్చిలో, జ్వరమాత్ర మ్రింగి విమానాశ్రయపు పరీక్షను తప్పించుకొన్న ప్రయాణికులున్నారను వార్త మన దేశములో వినబడెను. ఇంటికి చేరవలెనను ఆత్రము వారిది. దానిని అర్థము చేసికొనవచ్చును. కాని లేవీయకాండములో కుష్ఠరోగి పాళెము వెలుపల నివసించి తన స్థితిని తానే చాటవలెనను కఠినమైన విధిలో, బలహీనులను కాపాడు న్యాయమొకటి దాగియున్నది: నీవలన నాకు అపాయము కలదేమో తెలిసికొను హక్కు నాకు కలదు. నిలుచుటగాని మరలుటగాని తనంతట తాను పాపము కాదు. అబద్ధము మాత్రము ఎక్కడనున్నను అబద్ధమే. భారతదేశములో మొదట నిర్ధారణయైన ముగ్గురు రోగులును వూహాన్ నుండి కేరళకు వచ్చిన వైద్యవిద్యార్థులు. మొట్టమొదటి రోగి తనకు లక్షణములు కనబడగానే తానే ఆరోగ్యాధికారులకు తెలియజేసెను. ముగ్గురును స్వస్థపడిరి. వారి మరలిరాకనే నేరముగా ఎంచినవారు, చెప్పకయుండుట ఎంత సులభమో, చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో తలంపలేదు.

ఇంతవరకు విద్యార్థి చేయవలసినదే చెప్పబడినది. కాని ఇరువదియేండ్ల యువకునిమీద భారమంతయు మోపి పెద్దలు తప్పించుకొనరాదు. ఆ సంవత్సరము, "వెళ్లుము" అనినవారును, "రావద్దు" అనినవారును పెద్దలే. హార్వర్డు విశ్వవిద్యాలయము మార్చి 10న చెప్పి, 15వ తేదీలోగా వసతిగృహములు ఖాళీచేయుమనెను. పోవుటకు చోటులేని విదేశీ విద్యార్థులు నిలుచుటకు ప్రత్యేకముగా అనుమతి కోరవలసియుండెను. ఏప్రిల్ 3న ఆస్ట్రేలియా ప్రధానమంత్రి, తమ్మును తాము పోషించుకొనలేని విదేశీ విద్యార్థులు తమ దేశములకు మరలవలెనని చెప్పెను. అప్పటికి భారతదేశమునకు విమానమే లేదు. సంవత్సరముల తరబడి వారి ఫీజులతో విశ్వవిద్యాలయములు వర్ధిల్లెను. హోటళ్లలో పాత్రలు కడిగినవారు, పెట్రోలు బంకులలో రాత్రులు కాచినవారు వారే. పని పోయిన దినమున వారు అతిథులని, అతిథులు ఇంటికి పోవలెనని అందరికి జ్ఞాపకము వచ్చెను. జూలై 6న అమెరికా ప్రభుత్వము, తరగతులన్నియు ఆన్‌లైనులోనే జరుగు విద్యార్థులు దేశమును విడువవలెనని ఆజ్ఞ జారీచేసి, విశ్వవిద్యాలయములు న్యాయస్థానమునకు వెళ్లగా 14న ఉపసంహరించుకొనెను. ఆ ఎనిమిది దినములు పది లక్షలమంది విదేశీ విద్యార్థులలో ఎందరి నిద్రను హరించినవో! పరదేశిని బాధింపవద్దనియు, మీరును ఐగుప్తులో పరదేశులైయుంటిరి గదా యనియు నిర్గమకాండములో ఇశ్రాయేలీయులకు ఇయ్యబడిన ఆజ్ఞకు ఒక గడువు తేదీ లేదు.

"రావద్దు" అనుటకు మరింత గంభీరమైన ఉదాహరణ పొరుగు దేశమునుండి కలదు. హూబే రాష్ట్రములో ఇంచుమించు వెయ్యిమంది పాకిస్తానీ విద్యార్థులుండిరి. వారిని తీసికొనిరాకూడదని వారి ప్రభుత్వము నిర్ణయించెను. తెగులున్న స్థలములోనికి పోరాదు, అందులో నున్నవారు వెలుపలికి రారాదు అను ఇస్లాము సంప్రదాయమును ఆ దేశపు ఆరోగ్య సలహాదారుడు ఎత్తిచూపెను. ఆ నియమమును తేలికగా త్రోసివేయరాదు; తనవలన ఇతరులకు కీడు కలుగకూడదను పొరుగుప్రేమయే దాని మూలము. అయితే తల్లిదండ్రులు ఇస్లామాబాదు వీధులలో నిలిచి ఏడ్చిరి. మే నెలలో గాని మొదటి విద్యార్థులు ఇల్లు చేరలేదు. నియమము న్యాయమైనదే కావచ్చును. దాని భారమును మోసినవారెవరు?

ఇంగ్లండులోని ఈయము గ్రామ చరిత్రయు ఇదే ప్రశ్నను అడుగుచున్నది. 1666లో ప్లేగు ప్రబలినప్పుడు, వ్యాధిని చుట్టుపట్ల గ్రామములకు చేరనియ్యకుండ ఆ గ్రామస్థులు తమ పొలిమేరను తామే మూసికొనిరి. కాపరియైన విలియం మోంపెస్సనును, ఆయనకు ముందు అక్కడ కాపరిగానుండి పదవి కోల్పోయిన థామస్ స్టాన్లీయు కలిసి వారిని ఒప్పించిరి. ఇంచుమించు 260 మంది మరణించిరి. అయితే పొలిమేర మూయకముందే మోంపెస్సను తన యిద్దరు బిడ్డలను యార్క్‌షైరునకు పంపివేసెను. ఈ సంగతి తెలిసినప్పుడు కొందరి హృదయములో ఆయనపట్ల గౌరవము తగ్గును. తండ్రిగా ఆయన చేసినదానిని ఖండించుట కష్టమే. అయినను, "ఎవరును వెళ్లరాదు" అని చెప్పవలసిన నాలుకకు ఆ పని ఎంతో బరువై యుండవలెను. ఆయన భార్య కాథరిన్ మాత్రము వెళ్లక భర్తతో నిలిచి, ఆగస్టు మాసమున ప్లేగుతో మరణించెను. నిలువుమని చెప్పు అధికారము, నిలిచినవారితో భారము పంచుకొనువారికి కలుగును. చుట్టుపట్లవారు గ్రామపు సరిహద్దు రాతివద్ద ఆహారము పెట్టిపోయిరి గనుకనే ఈయము ప్రజల త్యాగము ఆకలిచావు కాలేదు. విద్యార్థిని రావద్దని చెప్పిన ప్రభుత్వమైనను సంఘమైనను అతని అద్దెకును అన్నమునకును ఏమి పంపెనో చెప్పవలసియున్నది.

ఇక మరలివచ్చినవారిని చేర్చుకొనుట. ఈ విషయములో తెలుగు దేశపు సంఘములు తమ్మును తాము పరీక్షించుకొనుట మేలు. ఆంధ్రప్రదేశములో మొదట నిర్ధారణయైనది 2020 మార్చిలో, ఇటలీ నుండి వచ్చిన విద్యార్థికి. అతడు స్వస్థపడి ఇల్లు చేరెను. కాని అది మొదలు పరదేశమునుండి వచ్చినవాడనగా తలుపులు మూయు కాలమొకటి నడిచెను. చేతిమీద చెరగని సిరాతో ముద్ర, గుమ్మమునకు అంటించిన కాగితము, పాలవాడు ఆ వీధికి రాకపోవుట, నీళ్ల పంపువద్ద గుసగుసలు. ఎడమును పాటింపుమని వైద్యులు చెప్పిరి, వెలివేయుమని చెప్పలేదు. మరునాటి వరకు "మా వూరి అమెరికా అబ్బాయి" అని పిలువబడినవాడు ఒక్క దినములో "తెగులు తెచ్చినవాడు" ఆయెను. అతని విదేశయానమునకై ఆరాధనలో కృతజ్ఞతా ప్రార్థనలు చేయించి, కానుకలు స్వీకరించిన సంఘములలో కొన్ని, ఆ పదునాలుగు దినములు అతని గుమ్మమునకు ఒక్కసారియైనను ఫోను చేయలేదు.

ఇట్టి స్థితిలోనున్న మనిషి ఒకడు క్రొత్త నిబంధనలో కలడు. ఫిలిప్పీ సంఘము తమ కానుకను చెరసాలలోనున్న పౌలునకు ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపెను. పౌలునొద్ద నుండి పరిచర్య చేయుటయు అతని పనియే. పరదేశములో అతడు మరణమునకు సమీపమగునంతగా రోగియాయెను. ఆ వార్త ఫిలిప్పీకి చేరెను. వార్త చేరినదని అతనికి తెలిసెను. పౌలు చెప్పుదానినిబట్టి, అతనిని బాధించినది రోగము కాదు. తాను రోగినని ఇంటివారు వినిరి గదా యను తలంపే. పరదేశమందు చదివించుచున్న బిడ్డలు గల తల్లులు ఈ వచనమునకు వ్యాఖ్యానము కోరరు. "ఏమియు లేదమ్మా, బాగుగనే యున్నాను" అని దగ్గును మ్రింగి చెప్పిన కంఠములను వారు విన్నారు. ఆ వేదనను చెప్పుటకు పౌలు వాడిన గ్రీకు క్రియనే, గెత్సేమనేలో ప్రభువు పొందిన వేదనకు మత్తయియు మార్కును వాడిరి. అనువాదములలో అది వేర్వేరు మాటలుగా మారును గనుక ఈ సంబంధము చదువరులకు కనబడదు. ఇంటిమీది బెంగను చిన్న బలహీనతగా ఎంచు బోధకులు ఆ క్రియను ఒకసారి తలంచుకొనవలెను.

పౌలు అతనిని ఇంటికి పంపెను. అతడు నిలిచినయెడల పౌలునకు సాయము. పోయినయెడల ఫిలిప్పీలోనివారికి సంతోషము. పౌలు రెండింటిని తూచి, తనకు ప్రయోజనమైనదానిని విడిచెను. అయితే ఒక చిక్కు మిగిలెను. చెప్పిన పని ముగియకుండ మరలివచ్చినవానిని సంఘము ఎట్లు చూచును? "అప్పుడే వచ్చితివేమి? మేము పంపినది ఇందుకేనా?" అని అడుగువారు ఫిలిప్పీలోను ఉండియుందురు. అందుచేతనే పౌలు పత్రికలో, క్రైస్తవ సంఘమంతటికి కొరకైన గొప్ప ఉపదేశముల నడుమ చోటుచేసి, అతనిని ప్రభువునందు పూర్ణ సంతోషముతో చేర్చుకొనవలెననియు, అట్టివారిని ఘనపరచవలెననియు, పరిచర్యలో అతడు ప్రాణమునకు తెగించెననియు వ్రాసెను. క్రీస్తు తన్ను తాను తగ్గించుకొన్న సంగతిని గానముచేసిన ఆ అధ్యాయములోనే ఈ మాటలును ఉన్నవి.

ఆ పత్రికను ఫిలిప్పీకి తీసికొనిపోయినవాడు ఎపఫ్రొదితే అయియుండవచ్చునని పండితులు తలంచుచున్నారు. అట్లయినయెడల, సంఘమంతయు కూడియుండగా అది బిగ్గరగా చదువబడినప్పుడు అతడును వారి మధ్యనే కూర్చుండి, చదువువాడు తన పేరున్న చోటికి వచ్చువరకు తలవంచుకొని వినుచుండవలెను.